చుక్క కింద

మా వీధిలో ఇప్పుడు ఇంటింటా మాట్లాడే ఉయ్యాలే. పాప ఏడిస్తే ఆకలో, కడుపునొప్పో అదే చెబుతుంది. ఒంటి మీద మచ్చ కనబడితే ఆసుపత్రికి కబురు కూడా అదే పెడుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. అది చెప్పిందే నమ్మేదాన్ని.

మా పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టిన ప్రతిసారీ కబురు వెళ్ళేది. మూడుసార్లు నర్సు వచ్చి వెళ్ళింది. చివరికి ఉయ్యాలలు తయారుచేసేచోటి నుంచి ఇందీవర అనే అమ్మాయి వచ్చి మా చాప మీద కూర్చుంది.

"చుక్క మానేస్తే పోతుంది కదా అక్కా?"

"చుక్క మానేస్తే మా అత్త నన్ను మానేస్తాది," అన్నాను.

వంటింట్లోంచి అత్త అంది: "దానికి కళ్ళున్నాయి గానీ బుద్ధి లేదు. నువ్వే నేర్పమ్మా."

నేను కాటుక ఎలా దిద్దుతానో ఇందీవర రెండు రోజులు చూసి వెళ్ళింది. వారంలో ఉయ్యాలలన్నీ చుక్కను గుర్తుపట్టాయి. కబుర్లు ఆగాయి.

మొన్న పాపకు జలుబని నాలుగు రోజులు స్నానం చేయించలేదు. పాత చుక్క మీదే కొత్తది దిద్దాను. ఐదో రోజు తుడిస్తే కింద చీము పట్టిన పొక్కు ఉంది. ఉయ్యాలను అడిగాను.

"చుక్క బాగుంది," అంది.

పాపను ఆసుపత్రిలో చూపించి, మందు రాసి, ఇందీవరకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఇప్పుడేం చేయమంటారక్కా?"

"చూడ్డం నేను చూసుకుంటాను. ఉయ్యాలను నాకు గుర్తు చెయ్యమను చాలు."

ఇప్పుడు రోజూ పొద్దున్నే వీధిలోని ఉయ్యాలలన్నీ ఒకేసారి అంటాయి: "చుక్క తుడిచి చూడమ్మా."