మిణుగురు తోక

“ఆ ఒక్క చోట మాత్రం దయచేసి ఎవరూ పాడకండి” అంది ఒకావిడ, మధ్య వరుసలో లేచి నిలబడి.

విరామం అయిపోవచ్చింది. హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. సగం మంది నడుములకి గుడ్డ తోకలు, ప్రతి తోక చివరా వెలిగే చిన్న బల్బు. అందరూ అక్కడ ఆడుతున్న మిణుగురుల బొమ్మల సినిమాకీ, అందులోని పాటలకీ వీరాభిమానులు. తెర మీది పాటలతో గొంతు కలిపి పాడుకోవడానికే వేసిన మ్యాట్నీ అది.

“ఏ చోట ఆంటీ?” అంది ముందు వరుసలోని కాలేజీ అమ్మాయి. అందరికన్నా పొడుగాటి తోక ఆమెదే.

“తోక దగ్గర.”

హాలు గొల్లుమంది.

తోక సంగతి అక్కడ తెలియనివాళ్ళు లేరు. విరామం తర్వాత వచ్చే మొదటి పాటలో మిణుగురు పిల్లలన్నీ “మేమున్నాం” అని ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒక్క గొంతు మాత్రం కాస్త ఆలస్యంగా, ఒంటరిగా ఆగుతుంది. పాడిన పిల్లల్లో ఎవరో చేసిన పొరపాటు. అభిమానులకి సినిమా మొత్తంలో ప్రాణం అక్కడే ఉంది. దానికి తోక అని పేరు పెట్టుకుని, అది రాగానే లేచి నిలబడి అరుస్తారు.

“భోజనానికి పిలిచి కంచం లాగేసినట్టుందండీ!” అన్నాడు ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒక లావుపాటాయన.

“ఇదే ఆఖరి ఆట ఆంటీ” అంది కాలేజీ అమ్మాయి. “రేపట్నుంచి ఈ సినిమా ఎక్కడా ఆడదు. పాటల ఆల్బమ్‌లో చూస్తే తోక కోసేశారు. మాకు మిగిలింది ఈ ఒక్కసారే.”

“నాకూ అంతేనమ్మా.”

“ఆ కోసిన మహానుభావుడు ఎవడో గానీ, దొరికితే చెవులు మెలిపెట్టాలి!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. ఆవిడ ఆ మాట వచ్చిన వైపు చూసింది.

మేనేజరు టార్చి పట్టుకుని వచ్చాడు.

“ఏంటమ్మా ఇది? మొన్నా వచ్చారు, నిన్నా వచ్చారు. అప్పుడు లేని గొడవ ఇవాళెందుకు?”

“రెండు రోజులూ ఆ గొంతు నాకు వినపడలేదు. వీళ్ళ అరుపులే వినపడ్డాయి.”

“నెట్‌లో వినొచ్చుగా?”

“నెట్‌లో దొరికే ముక్కలన్నీ ఇలాంటి హాళ్ళలో ఫోన్లతో తీసినవే. వాటిల్లోనూ అరుపులే.”

“సరే, కారణం చెప్పండి.”

“ఇప్పుడు చెబితే వీళ్ళు మిగతా పాటలు కూడా పాడలేరు. అది నాకిష్టం లేదు.”

“కూర్చోబెట్టండి సార్!”, “బయటికి పంపండి!” అని నాలుగు వైపుల నుంచీ కేకలు లేచాయి. మేనేజరు తలుపు వైపు టార్చి వేసి చూపించాడు. ఆవిడ ముందు సీటు అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.

కాలేజీ అమ్మాయి ఆ వేళ్ళ వైపే చూస్తోంది.

“ఆగండి సార్” అంది. “ఆంటీ, ఈ ఒక్కసారికి మేం నోళ్ళు కుట్టేసుకుంటాం. కానీ పాట అవగానే కారణం చెప్పాలి. అది మాకు సరిపోకపోతే నా తోక కట్టుకుని మీరు బజారంతా తిరగాలి.”

“తిరుగుతాను” అంది ఆవిడ. నవ్వలేదు.

హాలు చీకటైంది. పాట మొదలైంది. చరణాల దాకా అందరూ గొంతెత్తి పాడారు. ఆ చోటు దగ్గరపడే కొద్దీ ఒక్కో గొంతూ తగ్గుతూ వచ్చింది. లావుపాటాయన ఒక చేత్తో ఒక పిల్లాడి నోరు, ఇంకో చేత్తో ఇంకో పిల్లాడి నోరు మూశాడు. వెనక వరుసలో ఒకమ్మాయికి దగ్గు వచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకుంది.

“మేమున్నాం” అని తెర మీది గొంతులన్నీ ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు, సన్నగా, కొంచెం జలుబు చేసినట్టు, ఇంకా “…న్నాం” అంటూ ఉంది. తర్వాత అదీ ఆగింది.

ఎవరూ కదల్లేదు. ఆవిడ కూర్చుంది. సినిమా ముందుకి సాగింది.

కాసేపటికి కాలేజీ అమ్మాయి వంగి నడుచుకుంటూ వచ్చి ఆవిడ పక్కన, మెట్టు మీద కూర్చుంది.

“ఇప్పుడు చెప్పండి ఆంటీ” అంది గుసగుసగా.

“ఆ గొంతు మా అమ్మాయిది.”

“అయ్యో, నిజంగానా! తనని కూడా తీసుకురావాల్సింది. భుజాల మీద ఎత్తుకుని ఊరేగించేవాళ్ళం.”

“లేదమ్మా. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. తగ్గలేదు.”

ఆ అమ్మాయి నడుముకున్న తోకని చాలాసేపు చేత్తో నలుపుతూ కూర్చుంది. బల్బు ఆమె వేళ్ళ మధ్య వెలిగి ఆరుతోంది.

“సరిపోయింది ఆంటీ” అంది చివరికి, కళ్ళు తుడుచుకుని. “ఇంత చిన్న గొంతుని ఆల్బమ్‌లోంచి కోసి పారేయడానికి ఆ రాక్షసుడికి చేతులెలా వచ్చాయో!”

ఆవిడ చెయ్యి చాపింది.

“ఆ తోక ఇలా ఇవ్వమ్మా, కట్టుకుంటాను. ఆ పిల్లలందరికీ పాట నేర్పిన టీచర్ని నేనే. తప్పు పాడింది, ఆల్బమ్‌లోంచైనా తీసేయండి అని పట్టుబట్టింది కూడా నేనే.”