లక్నవరం ఒడ్డున

గోదావరిఖనిలో కార్ల మెకానిక్ జలాలుద్దీన్ ఒక పాత ఫియట్ కొని, డ్యూటీ అయ్యాక రోజూ కొంచెం కొంచెంగా తనే బాగుచేసుకున్నాడు. అది నడిచిన రోజు లక్నవరం చెరువూ, దాని చుట్టూ ఉన్న గుట్టలూ చూపిస్తానని కూతురు మక్సూదాకు మాటిచ్చాడు. కారు సిద్ధం కాకముందే ఆ తొమ్మిదేళ్ల పిల్లను జ్వరం తీసుకుపోయింది.

"బిడ్డకు ఇచ్చిన మాట. పోదాం," అంది భార్య ఆబిదా, చలికాలం రాగానే.

గుట్టల దారిలో పోయి, చీకటి పడేసరికి చెరువు చేరారు. గట్టు పక్కన కారు ఆపి, తెచ్చుకున్న రొట్టెలు తిని, ముందు సీట్లోనే ఒకరికొకరు ఆనుకుని నిద్రకు ఒరిగారు. వెనక సీట్లో పడుకుందామని అతను అనలేదు, ఆమె అనలేదు.

నడిరాత్రి అతనికి మెలకువ వచ్చింది. కీచురాళ్లు ఆగిపోయాయి. నీళ్ల అలికిడి కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరిదో ఊపిరి వినిపించింది. ఆబిదాది కాదు. ఆమె కళ్లు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి ఉంది. ముక్కు దిబ్బడ వేసిన పిల్ల నిద్రపోతున్నట్టు, సన్నని ఈలతో, ఆ ఊపిరి వెనక సీట్లోంచి వస్తోంది.

"వినవడ్తుందా?" అన్నాడు గుసగుసగా.

"ఎప్పటిసందో వింటున్న. ఎనుకకు తిరగకుండ్రి."

అతను తిరగలేదు. ఒళ్లంతా గగుర్పొడిచింది, కళ్ల వెంట మాత్రం నీళ్లు కారుతూనే ఉన్నాయి.

గుట్టల మీద తెల్లవారింది. ఊపిరి ఆగలేదు. జలాలుద్దీన్ తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఆబిదా ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

"జరసేపు ఆగుండ్రి," అంది. "లేస్తది."