పాత తీగలు

"తీగల జోలికి మాత్రం వెళ్ళకు," అన్నాడు పెద్దాయన.

గిటార్లు బాగుచేసే తన షాపులో కూర్చున్న వర్నెల్ తల ఎత్తలేదు. గొంతు వినగానే మనిషెవరో తెలిసింది.

ఆర్టిస్ ప్రీవిట్. మెంఫిస్‌లో ఎవరు ఆ పేరెత్తినా నలభై రెండేళ్ళుగా వర్నెల్ నోట్లో చేదు ఊరుతూనే ఉంది.

ఆర్టిస్ తన బేస్ గిటార్‌ని కౌంటరు మీద పడుకోబెట్టాడు. పక్కన దాని శబ్దం పెంచే ఆంప్ పెట్టించాడు.

"ఆంప్ గురగురలాడుతోంది. గిటార్లో వైరెక్కడో వదులైంది. ఆ రెండూ చూస్తే చాలు. ఆదివారం చర్చిలో వాయించాలి. సోమవారం చేతికి ఆపరేషన్. ఆ తర్వాత ఈ వేళ్ళు ఎవరి మాట వింటాయో ఏమో."

"తీగలు ఎప్పటివండీ?"

"నా రెండో కూతురు పుట్టిన ఏడాదివి. దానికిప్పుడు ముప్పై ఆరు."

"తుప్పు పట్టాయి."

"పట్టనీ. నాకూ పట్టింది."

ఆర్టిస్ కౌంటరు మీదికి వంగాడు.

"నువ్వు టబ్స్ వాళ్ళబ్బాయివి కదూ?"

"అవును. లూషస్ తమ్ముణ్ణి."

ఆ మాట అని వర్నెల్ తలెత్తి, ఆయన ముఖంలోకి చూశాడు.

ఆర్టిస్ కళ్ళు దించుకున్నాడు.

వర్నెల్‌కి ఆ సాక్ష్యం చాలు.

లూషస్ పేరు మీద మిగిలింది ఒకే ఒక్క రికార్డు. అది వచ్చిన వారంలోనే రికార్డింగ్ స్టూడియోలో బేస్ వాయించే అతని కుర్చీ ఆర్టిస్‌కి ఇచ్చేశారు. ఏడాది తిరక్కుండా లూషస్ తాగి తాగి పోయాడు. అప్పటికి వర్నెల్‌కి పదిహేనేళ్ళు. ఆ రికార్డులో అన్న బేస్ ఎలా పలికిందో అలా పలికించాలనే అతను ఈ పని నేర్చుకున్నాడు. షాపు దాటే ప్రతి గిటార్‌నీ ఆ నాదంతోనే పోల్చి చూసుకునేవాడు.

మధ్యాహ్నం తలుపుకి గడియ పెట్టాడు.

బేస్ తీగ వాడేకొద్దీ మెత్తబడుతుంది. చెమటా జిడ్డూ ఇంకి, నాదంలో గలగల పోయి, బరువు మిగులుతుంది. అలాంటి తీగ ఏ కొట్లోనూ దొరకదు. ఒక మనిషి ఆయుష్షులోంచి రావాలి.

విప్పితే మళ్ళీ కట్టుకోవచ్చు. అందుకే వర్నెల్ విప్పలేదు, కట్టర్ పెట్టి తెంపాడు. ఒక్కొక్కటే. తొందరపడకుండా.

షాపులో ఉన్నవాటిల్లోకెల్లా గరుకు తీగలు ఏరి బిగించాడు. వేలితో రాసి చూశాడు. ఆకురాయిలా ఉన్నాయి. నాదం చెదరకుండా ఆర్టిస్ తీగల కింద పెట్టుకున్న పాత స్పాంజి ముక్కని గీకి పారేశాడు.

ఆంప్‌ని మాత్రం మనసుపెట్టి బాగుచేశాడు. గిటార్ చేసే ప్రతి గీరుడూ ఆఖరి వరస దాకా వినపడాలి.

పని ముగిశాక బాగా ఆకలేసింది. వీధి చివర నుంచి పక్కటెముకల బార్బెక్యూ తెచ్చుకుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు.

శనివారం ఇస్తానన్నవాడు ఇవ్వలేదు. ఆదివారం ఆరాధనకి గంట ముందు ఇచ్చాడు. వేరే తీగలు కొనుక్కునే వ్యవధి లేకుండా.

ఆర్టిస్ ఒక తీగ మీటాడు. టంగుమంది.

"తీగలు మార్చావు."

"తెగిపోయాయండీ. ముసలివి కదా, మీలాగే."

ఆర్టిస్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. పెద్దాయనకి అర్థమైందని వర్నెల్‌కి తెలిసింది. అర్థం కావాలనే చేశాడు.

"సరే నాయనా," అని ఆర్టిస్ గిటార్ పెట్టె మూశాడు.

అన్న శవపేటిక వెంట వెళ్ళిన తర్వాత వర్నెల్ చర్చి గడప తొక్కలేదు. ఆ ఆదివారం వెళ్ళి, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పక్కన సిస్టర్ ఒజెల్లా విసనకర్రతో విసురుకుంటోంది. ఒకప్పుడు ఊరంతా విన్న గొంతు ఆమెది.

మొదటి పాటలో గిటార్ గరిటెల డబ్బాలా మోగింది. పాడేవాళ్ళలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

పాట అయ్యాక డ్రమ్ముల అతను అన్నాడు, "ఏం బ్రదర్ ఆర్టిస్, వంటింట్లోంచి నేరుగా వచ్చేశావా?"

జనం నవ్వారు. వర్నెల్ కూడా నవ్వాడు. ఇన్నేళ్ళలో అంత తియ్యటి నవ్వు నవ్వి ఎరగడు.

రెండో పాటకి ఆర్టిస్ గిటార్ మీద గలగల తగ్గించే గుండీని చివరి దాకా తిప్పాడు. అరచేతి అంచుని తీగల మీద ఆనించాడు. వేళ్ళు మడిచి, బొటనవేలితో మీటాడు.

నాదం గుండ్రంగా, బరువుగా, తాళానికి వెంట్రుకవాసి వెనకగా నడిచింది.

వర్నెల్ నవ్వు ఆగిపోయింది.

తను తెంపింది తీగల్నే. ఈ నాదం ఆ తీగల్లో లేదు.

బొటనవేలి చర్మం చిట్లింది. తెల్లచొక్కా చేతి అంచు ఎర్రబడింది. ఆర్టిస్ వాయిస్తూనే ఉన్నాడు.

"ఇది మా అన్న వాయింపు," అన్నాడు వర్నెల్, తనలో తను అనుకున్నట్టు. "ఆ రికార్డు విని దొంగిలించాడు. కుర్చీతో పాటు ఇది కూడా."

ఒజెల్లా విసనకర్ర ఆపింది.

"లూషస్ తమ్ముడివా?"

"అవును."

"ఆ రికార్డులో పాడింది నేనే నాయనా. ఆ రోజు మీ అన్న తాగొచ్చి సోఫాలో పడుకున్నాడు. ఎంత లేపినా లేవలేదు. బేస్ వాయించింది ఈయన."

"మరి కవరు మీద మా అన్న పేరుంది కదా?"

"లూషస్ పేరే వెయ్యమని ఈయనే స్టూడియో వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు," అందామె. "ఇంట్లో తమ్ముడున్నాడు, కవరు మీద వాళ్ళన్న పేరు వెతుక్కుంటాడు అని."