అల్లుడి క్రేన్

"ఎవర్నడిగి ఈ ఇనప సామానంతా నా షెడ్డులో దింపారు అల్లుడుగారూ?"

అల్లుడు తలెత్తలేదు. ఇంజిన్ క్రేన్ ముక్కల్ని నేలమీద పరుచుకుని, దాని కాళ్లకి చక్రాలు బిగిస్తున్నాడు.

"నా లేత్ మిషను నేను తీసుకుపోతానత్తయ్యా. ఎత్తాలంటే క్రేన్ కావాలిగా."

"తీసుకుపోండి, శుభ్రంగా తీసుకుపోండి! పెళ్లాన్ని ఏడిపించే మొనగాడికి మిషనెత్తడం ఓ లెక్కా?"

పొద్దున్నే మేడమీద మొగుడూపెళ్లాల అరుపులు ఆవిడ చెవులారా వింది. కూతురి ఏడుపూ వింది. కాసేపటికి వీడు మెట్లు దిగొచ్చి, వేరే షెడ్డు చూసుకుంటాం, ఇవాళే పోతున్నాం అన్నాడు. దాంతో ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన వర్క్‌షాపు ఇది. ఓ మూల చోటిస్తే ఏకై వచ్చి మేకయ్యాడు!

స్తంభం నిలబెట్టాడు. దానికి అడ్డచెయ్యి తగిలించి, కింద జాకీ బిగించాలి. ఒక్కడి వల్లా కావడం లేదు. ఓసారి చెయ్యి జారి పానా ఎగిరి ఆవిడ కాళ్ల దగ్గర పడింది.

"కాస్త చెయ్యి పట్టకూడదా అత్తయ్యా?"

"మీ చెయ్యి పట్టుకుని నా కూతురు బావుకున్నది చాల్లెండి."

అల్లుడి మొహం కందగడ్డయింది. మోకాలు అడ్డం పెట్టి ఎలాగో బిగించాడు. క్రేన్‌ని మూలకి తోసుకెళ్లాడు. దాని కాళ్లు లేత్ దిమ్మకి తగిలి ఆగిపోయాయి. కొక్కెం అందలేదు. విసుగ్గా అడ్డచేతిని బయటికంటా లాగి, చివరి కన్నంలో పిన్ను దూర్చాడు.

ఆవిడ చూపు ఆ కన్నం మీదే ఆగింది. చెయ్యి ఎంత సాగితే క్రేన్ అంత తక్కువ మోస్తుంది. అంత దూరం సాచి చిన్న ఇంజిన్ ఎత్తొచ్చేమో గానీ, లేతా! వీడికి తెలీని సంగతి కాదు. కోపంలో కళ్లు కనబడ్డం లేదు.

చెబుదామని నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. 'నాకేం పట్టింది? బోల్తా పడితే తిక్క కుదురుతుంది.'

అల్లుడు గొలుసు తగిలించి జాకీ కొట్టాడు. లేత్ మూలిగింది. వేలెడు లేచింది. కింద ఇరుక్కున్న చెక్కని కాలితో తన్నబోయాడు. అప్పుడే క్రేన్ వెనక చక్రాలు నేల వదిలాయి.

"ఒరేయ్! కాలు తియ్యరా!"

ఆవిడ ఒక్క ఉరుకున వచ్చి క్రేన్ వెనక దూలం మీద పడింది. పడుతూనే జాకీని కిందికి దించే మర తిప్పేసింది. లేత్ దభీమని కూలబడింది. సిమెంటు నేల పెచ్చులు లేచింది. అల్లుడు వెల్లకిలా పడ్డాడు. కాలు మాత్రం దక్కింది.

"చచ్చేవాడివి కదరా, వెధవా! చివరి కన్నంలో పెట్టి లేత్ ఎత్తుతావా? నీకేమన్నా అయితే దాని గతేంటి?" 'గారు' ఎటు పోయిందో ఆవిడకే తెలీదు. "ఇక మిషనూ కదలదు, నువ్వూ కదలవు! పైకెళ్లి దాని కాళ్లు పట్టుకో. పొద్దున్నే అంతలా ఏడిపిస్తావా నా పిల్లని?"

అల్లుడు తల దించుకుని చొక్కా దులుపుకుంటున్నాడు.

చప్పుడుకి కూతురు పరుగున మెట్లు దిగొచ్చింది. మొగుడి కాలు తడిమి చూసింది. లేచి తల్లి ఎదుట నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ నోరు భరించడం నా వల్ల కాదు, పోదాం పదమని ఏడ్చింది నేనమ్మా. అమ్మేగా, సర్దుకుపోవే అని నామీద అరిచింది ఆయన."