తుడవని రైఫిలు

“ఆ రాడ్డు కింద పెట్టు!”

ఐలేశం కేకకు రేకుల షెడ్డంతా మోగింది. కోమల చేయి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఎడమచేతిలో ఇత్తడి రాడ్డు, దాని కొసకు చుట్టిన తెల్లటి పేలిక. ముందు బల్లమీద పాత పాయింట్ టూటూ రైఫిలు.

“తుడుద్దామని సార్. బ్యారెల్ లోపల నల్లగున్నది.”

“నల్లగనే ఉండాలె. ఇటియ్యి జర.”

ఐలేశం రాడ్డు లాక్కున్నాడు. పానగల్ దారిలో ఒకప్పుడు పత్తి గోదాముగా ఉన్న ఈ షెడ్డులో అతను ఏళ్ల తరబడి గురి నేర్పుతున్నాడు. నేర్చుకునేవాళ్లే కరువయ్యారు. ఈ ఏడు ఒక్కరైనా రాష్ట్ర పోటీలకు ఎంపిక కాకపోతే షెడ్డుకు తాళమేనని క్లబ్బు పెద్దలు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఎంపిక ఆదివారమే. సరిగ్గా అప్పుడు, అమ్రాబాద్ నుంచి వచ్చానంటూ ఈ పిల్ల గుమ్మంలో నిలబడింది. దేవుడే పంపాడనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ, పంపింది ఎవరా అని అనుమానం పట్టుకుంది.

గోడకు వరసగా కొత్త రైఫిళ్లుంటే అవన్నీ వదిలేసి, మూలనున్న, ఒకప్పుడు ఈ షెడ్డులో మేటి గురికాడైన బాలస్వామి రైఫిలే తీసుకుందామె. కాల్చడానికి ఆరు జాగాలుంటే, బాలస్వామి పోయినప్పటి నుంచి ఎవరూ పడుకోని నాలుగో నంబరులోనే చాప పరిచింది. తూటా అందుకునే ముందు బొటనవేలు నాలుకకు అద్దుకుంది. అచ్చం బాలస్వామి అలవాటు. పైగా ఆయనలాగే ఎడమచేతి వాటం. రైఫిలు కట్టె మీద ఆయన చెంప ఆని ఆని నునుపు తేలిన చోట ఈమె చెంప కొలిచి చేసినట్టు కుదిరిపోయింది.

మొదటి రోజే ఐలేశం, ఆమె చెప్పులు విప్పేదాకా ఆగి, పాదాలు చూశాడు. ముందుకే ఉన్నాయి. తన పిరికితనానికి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“తుడిస్తే ఏమైతది సార్?” అంది కోమల.

“గురి ఆగమైతది. తూటాకు మైనం ఉంటది గదా. కాల్చంగ కాల్చంగ ఆ మైనం లోపల సన్నగ పూత లెక్క పడుతది. దాని మీదికెళ్లి తూటా సాఫీగ పోతది. తుడిసినవనుకో, పూత పాయె. మళ్ల పూత పడేదాక ఇరవై తూటాలు ఏడికి పోతయో ఎవలికెరుక?”

“కాలేజీల ఎన్‌సీసీ సార్ కాల్చినప్పుడల్లా తుడువుమన్నడు.”

“గది ఆయన రైఫిలు. గిది బాలన్నది.”

“మరి ఎన్ని దినాలకోసారి తుడువాలె?”

“దినాల లెక్క కాదు బిడ్డా. గురి చెదిరిననాడు తుడువాలె. చెదరకపోతే ముట్టొద్దు. కాల్చు, నీకే తెలుస్తది.”

కోమల చాపమీద బోర్లా పడుకుంది. ఎదుట ఆరుబయట మట్టిదిబ్బ, దాని ముందు గురి కాగితం. మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఆమె శ్వాస బిగబట్టి, తనలో తాను అనుకున్నట్టు మెల్లగా అంది.

“గాలి నిలవడ్డది.”

ఐలేశం వీపు జలదరించింది. ప్రతి తూటాకు ముందు బాలస్వామి అనే మాట అది. అంతే మెల్లగా అనేవాడు.

రైఫిలు పేలింది. దుర్బిణీలోంచి చూశాడు. నట్టనడుమ చిల్లు. భయం ఎటు పోయిందో, ఐలేశానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పిల్ల గెలుస్తుంది. షెడ్డు నిలబడుతుంది.

“చూసినవా! అది బాలన్న పూత. ఇన్నేండ్లు బయట నూనె రాసిన గని, లోపల రాడ్డు పెట్టలే. ఇంకా పనిచేస్తాంది!”

కోమల గోడకు వేలాడుతున్న పతకం వైపు చూసింది. “అది మీదేనా సార్?”

“నాదే. బాలన్న పోవాల్సిన మ్యాచ్. రేపు మ్యాచ్ అనంగ ఆయన పాయె. ఆయన బదులు నన్ను పంపిన్రు.”

ఆ పతకంతోనే అతనికి ఈ కోచ్ ఉద్యోగం వచ్చింది. బాలస్వామి పోయిన రోజు షెడ్డులో ఉన్నది వాళ్లిద్దరే. దాన్ని తలుచుకోవడం ఐలేశానికి ఇష్టం ఉండదు. ఊళ్లో ఎవరూ అడగరు కూడా. అడగదగిన ఆయన ఇంటివాళ్లు నెల తిరక్కుండానే ఊరు విడిచారు.

“ఆయన గూడ తుడువకపోతుండెనా సార్?”

మాట రైఫిలు మీదికి మళ్లినందుకు ఐలేశం ప్రాణం తేలికపడింది.

“తుడుసుడా? మ్యాచ్ దగ్గరపడ్డదంటే రాడ్డును పెట్టెల పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చేటోడు. ‘నేను కాళ్లు మొక్కినా ఇయ్యకు తమ్మీ’ అనేటోడు.”

“మీరెన్నడన్న ఇచ్చిన్రా?”

“ఒక్కనాడు గూడ ఇయ్యలే,” అన్నాడు ఐలేశం గర్వంగా. “ఆయన అడగనూ లేదు. ఆ ఆఖరు మ్యాచ్‌కు గూడ తాళంచెవి నా జేబులనే ఉండె.”

కోమల లేచింది. మోచేతుల దుమ్ము దులుపుకుంది. అతని చేతిలోంచి రాడ్డు నెమ్మదిగా తీసుకుని రైఫిలు పక్కన పెట్టింది. ఐలేశం కళ్లు తనకు తెలియకుండానే మళ్లీ ఆమె పాదాల మీదికి పోయాయి. ముందుకే ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాడు.

“మరి రైఫిల్ తుడుస్తుంటే పేలి మా బాపు పోయిండని ఎట్ల చెప్పినవ్, చిన్నాయినా?”