ఎగుడుదిగుడు ఇల్లు

"మెట్లా? ఇంటి లోపలా?"

మేస్త్రి తన చెవులను తానే నమ్మలేకపోయాడు.

అందరూ ఆయన్ని లెవెల్ మేస్త్రి అంటారు. ఆయన పోసిన కాంక్రీటు నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుంది. గదికీ గదికీ గోరంత తేడా వచ్చినా ఆ పూట ఆయనకు అన్నం సహించదు. అలాంటి మనిషిని పిలిపించి, చక్కగా చదునుగా ఉన్న ఇంటిని ఎగుడుదిగుడు చెయ్యమంటే ఒళ్ళు మండదా మరి?

"పడకగది ఎలా ఉందో అలాగే ఉండనీ," అన్నాడు ఇంటాయన. "హాలు జానెడు పైకి లేపు. వంటగది దానికంటే ఇంకో జానెడు. ఏదో పత్రికలో చూశాను, భలే ఉంది."

"ఉన్న నేల నిక్షేపంలా ఉంది కద సార్. పైన పాలిష్ పట్టిస్తే అద్దమే..."

"ఆ అద్దాలేవో నా కాంప్లెక్సులో పెడుదువుగాని. ఇక్కడ చెప్పింది చెయ్యి."

కాంప్లెక్స్ అనేసరికి మేస్త్రి టక్కున టేపు తీసి హాలు కొలవడం మొదలెట్టాడు. ఇంటాయన బజార్లో రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కట్టిస్తున్నాడు. ఈ ఇల్లు నచ్చితే అక్కడి నేల పని మొత్తం మేస్త్రిదే. అది దక్కితే పదిమందిని పెట్టుకుని నిలబడి పని చేయించుకోవచ్చు. దక్కకపోతే మళ్ళీ తాపీ పట్టుకుని పాకాలి. పాకడానికి మోకాళ్ళేవి? అవి ఎప్పుడో చేతులెత్తేశాయి.

"వాకిట్లో ఆ వాలు గచ్చు కొట్టించేసి మూడు మెట్లు కట్టు," అన్నాడు ఇంటాయన.

"స్కూటర్ ఎక్కించుకోడానికి పనికొస్తుంది సార్."

"కారు కొన్నాక స్కూటరెందుకయ్యా?"

అదీ నిజమేలే అనుకున్నాడు మేస్త్రి. వంటగదిలోకి వెళ్ళి చూస్తే వంటగట్టు ఆయన నడుము దాకా కూడా రాలేదు.

"మేడంగారు పొట్టిగా ఉంటారా సార్?"

ఇంటాయన పడీపడీ నవ్వాడు. "నా పెళ్ళాన్ని చూడకుండానే పొట్టిదాన్ని చేసేశావే! కొట్టిపారెయ్. అందరిళ్ళల్లో ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తు కట్టు."

"మేడంగారికి నచ్చుతుందంటారా ఇదంతా?"

"తనకి తెలీదు. వాళ్ళక్క ఇంటికి పంపించాను. వచ్చేసరికి పూర్తయిపోవాలి." ఆయన గొంతు కాస్త తగ్గించాడు. "ఇల్లు తన పేరు మీదే ఉంది మేస్త్రీ. రోజంతా ఇల్లంతా చక్కర్లు కొడుతూనే ఉంటుంది. క్షణం ఊరుకోదు. పాపం, ఇకనైనా ఒకచోట హాయిగా ఉండనీ."

మేస్త్రి మనసు కరిగిపోయింది. తన ఇంట్లో పొయ్యి దగ్గర నేల పగిలి ఎన్నాళ్ళయిందో! పెళ్ళాం చెప్పీ చెప్పీ విసిగి మానేసింది. ఈయన చూడు, పెళ్ళాన్ని అక్కింటికి పంపి మరీ ఇల్లు మార్చేస్తున్నాడు. మేస్త్రికి సిగ్గేసింది.

మర్నాడే పని మొదలైంది. గచ్చు మీద మట్టి నింపారు, దిమ్మిస కొట్టారు, ఇనపజాలీ పరిచారు. ఎత్తు పెరిగేసరికి తలుపులన్నీ కింద కోయించాల్సి వచ్చింది.

"బావా, ఇది ఇల్లా, మేకలెక్కే గుట్టా?" అన్నాడు కాంక్రీటు సర్దుతున్న బావమరిది.

"నోరు మూసుకుని బద్ద లాగు. కాంప్లెక్స్ చేతికొచ్చాక జోకులేద్దువుగాని."

ఇంటాయన రోజూ వచ్చి చూసేవాడు. ఆయనకు ఒకటే పట్టు.

"గట్టిగా ఉండాలి మేస్త్రీ. రేపు ఎవరైనా సమ్మెట పట్టుకొచ్చి బాదినా పెచ్చు లేవకూడదు."

"మీ మునిమనవలు బాదినా లేవదు సార్."

ఒట్టి మాట కాదది. నేల గట్టిపడే పొడి మామూలుకంటే రెట్టింపు చల్లించాడు. మిషను తిప్పి నున్నగా తేల్చాడు. ఒక్క బీట రాకుండా తడి గోనెలు కప్పి, పొద్దునా సాయంత్రం తనే వచ్చి నీళ్ళు పట్టాడు. సొంత బిడ్డను కూడా అంత శ్రద్ధగా సాకలేదని బావమరిది దెప్పిపొడిచాడు.

అంతటితో ఊరుకున్నాడా? లేదు. పడకగదిలోంచి స్నానాలగదిలోకి వెళ్ళేచోట, ఎవరూ అడక్కుండానే, మోకాలెత్తు గట్టు కట్టాడు.

"లోపలి నీళ్ళు గదిలోకి రాకుండా సార్. మేడంగారి కోసం నా తరఫున. డబ్బులొద్దు."

ఇంటాయన ఆ గట్టును అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. ఒకసారి కాలెత్తి దాటి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నాకు తట్టనే లేదు మేస్త్రీ! నువ్వు మామూలోడివి కాదు. కాంప్లెక్స్ నీదే, ఫో!"

మేస్త్రికి కాళ్ళు నేల మీద ఆగలేదు. "అక్కడ కూడా ఇలాగే మెట్లు పెట్టమంటారా సార్?"

"మతుందా? అక్కడ ట్రాలీలు తిరగాలి. ఎక్కడా చీమంత ఎత్తు కూడా ఉండకూడదు."

మేడం వచ్చే రోజు మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. పనేం లేదు. ఆవిడ ముఖంలో సంతోషం కళ్ళారా చూసి వెళ్దామని గేటు దగ్గర నిలబడ్డాడు.

కారు వచ్చి ఆగింది. కిటికీలో మేడం నవ్వుముఖం కనిపించింది. మేస్త్రిని చూసి నమస్కారం కూడా పెట్టింది. అంతలో ఆవిడ చూపు వాకిట్లో మెరుస్తున్న కొత్త మెట్ల మీద పడి అక్కడే ఉండిపోయింది. ఆనందంతో నోట మాట రావడం లేదు కాబోలు అనుకున్నాడు మేస్త్రి, ఆయన కడుపు నిండిపోయింది.

ఇంటాయన నింపాదిగా దిగి, డిక్కీ తెరిచి, మడిచి పెట్టిన చక్రాల కుర్చీ బయటికి తీసి, ఆవిడ తలుపు పక్కన విప్పాడు.