నడిమి వరుస

"కుడికి తిప్పు, చుట్టూ తిరిగి వెళ్దాం," అంది లోరీన్. పెట్రోలు బంకు ముందు పెద్దరోడ్డు మీద కార్లు తెరిపి లేకుండా పోతున్నాయి. బండ్లు కుడిపక్కన నడిచే ఆ దేశంలో ఎడమకు తిరగాలంటే వాటిని అడ్డంగా దాటాలి.

"పది నిమిషాల్లో లైసెన్సు పరీక్షమ్మా. ఇవాళ తప్పితే మళ్లీ నెలకే," అంది స్టీరింగు పట్టుకున్న కెండ్రా. "ఎడమకే వెళ్తా. సగం దాటి, తిరిగే బండ్లు ఆగడానికని వదిలిన నడిమి వరుసలో ఆగుతా."

"అటూ ఇటూ కార్లు పోతుంటే మధ్యలో నిలబడతావా?"

"నువ్వెప్పుడూ ఆగలేదా?"

లోరీన్ సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుంది. గుర్రాలు చూపిస్తానంటూ చిన్నప్పటి నుంచీ అమ్మ తిప్పిన చుట్టుదారి షికారు కాదనీ, భయమనీ కెండ్రాకు అప్పుడర్థమైంది.

"కళ్లు మూసుకో," అని మెల్లగా చెప్పి, సందు దొరకగానే కారును నడిమి వరుసలోకి తెచ్చి ఆపింది.

"మూసుకుంటే వెనక వచ్చేవి నీకెవరు చెప్తారు?" లోరీన్ మెడ తిప్పి చూసింది. "ఆ పాల లారీని పోనీ. ఇంకొకటుంది, ఆగు. ఊఁ, ఇప్పుడు పద."